చీకట్లో చూసే ఫొటో!

ఫోన్‌లో ఫొటో తీయడానికి క్షణం. పదిమందికీ పంపడానికి అర క్షణం. అయినా ఇప్పటికీ కొందరు ఒక్క రీలుకి వేలు పోసి కొంటున్నారు. ముప్ఫై ఆరంటే ముప్ఫై ఆరే ఫొటోలు తీసి, కడిగించడానికి ఊళ్లు దాటించి పంపి, రోజుల తరబడి ఎదురుచూస్తున్నారు. తీరా చేతికొచ్చేది చూస్తే... తపాలా బిళ్లంత ఫిలిం ముక్క! దాన్ని చూడాలంటే గదిలో దీపాలు ఆర్పాలి. పక్కన నలుగురుంటే మరీ బాగుంటుంది. అదే స్లైడు. ఇంతకీ ఆ చిన్న ముక్కలో ఏముందని అంత మోజు?

ఒకప్పుడు సినిమాకి కాస్త ముందే వెళ్లి కూర్చున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. హాల్లో దీపాలు ఆరగానే తెరమీద మొదట కనిపించేది హీరో కాదు. ఊళ్లోని బట్టల కొట్టు, నగల దుకాణం, టైలరు షాపు... ఒకదాని తర్వాత ఒకటి వచ్చి కదలకుండా నిలబడేవి. మధ్యలో ‘పొగ త్రాగరాదు’. ఆ తర్వాత ‘తదుపరి చిత్రం’. ఆపరేటరు పొరపాటున తిరగేసి పెట్టాడంటే అక్షరాలు అటుదిటు అయ్యేవి. ఇక నేల టిక్కెట్టులో ఈలలే ఈలలు! వాటినే స్లైడ్లు అనేవాళ్లు.

ఆ మాట ఇప్పటికీ పోలేదు. హైదరాబాద్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి వెళ్లినా ‘నెక్స్ట్ స్లైడ్’ అనే మాట రోజుకి పదిసార్లు వినిపిస్తుంది. 1987లో వచ్చిన పవర్‌పాయింట్ ఆ పేరును అరువు తెచ్చుకుంది ప్రొజెక్టర్లో పెట్టి చూపించే ఈ స్లైడు నుంచే. మాట మిగిలింది, వస్తువు మాత్రం కనుమరుగైపోయింది అనుకున్నారంతా. కానీ పోలేదు. ప్రపంచం మొత్తం డిజిటల్ కెమెరాకి, ఆపైన ఫోన్‌కి మారిపోయాక కూడా స్లైడు ఫిలిం తయారవుతూనే ఉంది, అమ్ముడవుతూనే ఉంది. కొంటున్నవాళ్లలో పాతకాలపు ఫొటోగ్రాఫర్లే కాదు, పుట్టినప్పటి నుంచీ డిజిటల్ తప్ప మరొకటి ఎరగని కుర్రకారూ ఉన్నారు.

వెండి పోయి... రంగు మిగిలి

మన ఇళ్లలో పెళ్లి ఆల్బంతోపాటు ఒక కవర్లో నెగెటివ్‌లు ఇచ్చేవారు కదా! వెలుతురుకి ఎత్తి చూస్తే పెళ్లికూతురి నల్లటి జడ తెల్లగా, పెళ్లికొడుకు తెల్లటి పంచె నల్లగా కనిపించేవి. అంతా తిరగబడిన లోకం. దాన్ని మళ్లీ కాగితంమీద ప్రింటు వేస్తేగానీ అసలు రంగులు రావు. అంటే మనం చూసే ఫొటో రెండో అంచె బొమ్మన్నమాట.

స్లైడులో ఆ రెండో అంచె లేదు. కెమెరాలో తిరిగిన ఫిలిమే నేరుగా బొమ్మవుతుంది. ఎర్ర చీర ఎర్రగానే, పచ్చని చేను పచ్చగానే కనిపిస్తుంది. ఆ ముక్కను కత్తిరించి రెండంగుళాల చదరపు అట్ట చట్రంలోనో ప్లాస్టిక్ చట్రంలోనో బిగిస్తే స్లైడు తయారైనట్టే.

అదెలా సాధ్యం? ఫిలింలో వెలుతురుకు స్పందించే వెండి లవణాలుంటాయి. ల్యాబ్‌లో మొదటి డెవలపరులో ముంచినప్పుడు కెమెరాలో వెలుతురు తగిలిన చోటల్లా అవి వెండిగా మారి నలుపు తెలుపు నెగెటివ్ ఏర్పడుతుంది. ఆ తర్వాత ‘రివర్సల్’. అప్పటిదాకా వెలుతురు తగలకుండా మిగిలిపోయిన లవణాలను మేల్కొలిపి, సరిగ్గా ఆ చోట్లలోనే రంగులు పుట్టిస్తారు. చివర్లో వెండినంతా కడిగేస్తారు. ఇక ఫిలింమీద వెండి రజను కూడా మిగలదు. పొరలు పొరలుగా మూడు రంగులు మాత్రం ఉండిపోతాయి... పసుపు, వంగపండు ఛాయ ఎరుపు, ఆకాశపు నీలం. లోకంలోని రంగులన్నీ ఆ మూడింటి కలయికే.

1976లో వచ్చిన ఈ పద్ధతి పేరు ఇ-6. మొదటి డెవలపరు 38 డిగ్రీల వేడి మీద ఉండాలి. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలో ఉండేవాళ్లకి 38 డిగ్రీలు ఓ లెక్కా అనిపించొచ్చు. కానీ ఇక్కడ అర డిగ్రీ అటూ ఇటూ అయినా బొమ్మ వెలుగు, రంగు మారిపోతాయి. అందుకే స్లైడు కడగడం అందరికీ చేతనయ్యే పని కాదు.

తోలుబొమ్మలాట లాగే!

స్లైడు అందం ఎక్కడుందో తెలుగువాళ్లకి చెప్పడం తేలికే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మల్ని చూశారా? మేకతోలును పారదర్శకంగా పలచన చేసి, రంగులద్ది, చిల్లులు పొడుస్తారు. పగటి వెలుతురులో చేతిలో పట్టుకుని చూస్తే ఓ మాదిరిగా ఉంటుంది. అదే రాత్రిపూట తెల్లటి తెరకి ఆనించి వెనక దీపం పెట్టారో... హనుమంతుడు ఒళ్లంతా వెలిగిపోతాడు. రంగు బొమ్మదే, ప్రాణం మాత్రం వెనకున్న దీపానిది.

స్లైడుదీ అదే సూత్రం. కాగితం ప్రింటు తనమీద పడ్డ వెలుతురును వెనక్కి పంపుతుంది. అందులో తెలుపు ఎంత తెల్లగా ఉన్నా కాగితమంత తెల్లగానే ఉంటుంది. స్లైడులో వెలుతురు రంగుల గుండా దూరి మన కంటికి చేరుతుంది. తెల్లటి మబ్బు వెలుగులా, చీకటి నిజంగానే చీకటిలా కనిపిస్తాయి. అందుకే మొదటిసారి లైట్ టేబుల్‌మీద పెట్టి చిన్న భూతద్దంలోంచి స్లైడును చూసినవాళ్లు ఫొటోను చూస్తున్నట్టు కాదు, కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టు ఉందంటారు.

ఎనభైల్లో పిల్లలుగా ఉన్నవాళ్లలో కొందరికి ఈ అనుభవం తెలియకుండానే తెలుసు. కళ్లకి ఆనించుకుని పక్కనున్న మీట నొక్కితే బొమ్మ మారిపోయే వ్యూమాస్టర్ గుర్తుందా? 1939లో అమెరికాలో పుట్టిన ఆ ఆటబొమ్మలోని గుండ్రటి అట్టలో ఉండేవి బుల్లి స్లైడ్లే. కుడికంటికి ఏడు, ఎడమకంటికి ఏడు... మొత్తం పద్నాలుగు. రెండూ కలిసి లోతు కనిపించేలా చేసేవి.

ఇక్కడ దిద్దుబాటు లేదు

స్లైడు తీసేవాళ్లని ఎందుకింత కష్టం అనడిగితే చాలామంది ముందుగా చెప్పేది రంగుల గురించే. ఆ తర్వాత చెప్పేది క్రమశిక్షణ గురించి.

నెగెటివ్ ఫిలిం మంచి మనసున్న మేనత్త లాంటిది. వెలుతురు కాస్త ఎక్కువైనా తక్కువైనా సర్దుకుపోతుంది. ప్రింటు వేసేటప్పుడు సరిచేసుకోవచ్చు. స్లైడు మాత్రం లెక్కల మాస్టారు! నెగెటివ్ పట్టుకోగలిగిన వెలుగునీడల తేడాలో దాదాపు సగమే ఇది పట్టుకోగలదు. ఎండలో మెరుస్తున్న గోపురాన్నీ, మండపం నీడలో కూర్చున్న ముసలమ్మనీ ఒకే ఫొటోలో బంధించాలనుకుంటే కుదరదు. గోపురం కావాలా, ముసలమ్మ కావాలా అన్నది క్లిక్‌మనిపించేలోపే తేల్చుకోవాలి. వెలుతురు ఎక్కువైందా... ఆ చోట ఫిలిం ఖాళీ గాజులా మిగిలిపోతుంది. ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

అందుకే అనుభవజ్ఞులు వెలుతురును రెండుమూడు చోట్ల కొలుచుకుంటారు. ముఖ్యమైన దృశ్యమైతే ఒకటి సరిగ్గా, ఒకటి కొంచెం తక్కువగా, ఒకటి కొంచెం ఎక్కువగా మూడుసార్లు తీస్తారు. అంటే ముప్ఫై ఆరు కాస్తా పన్నెండైపోతాయి. ఇప్పుడు స్లైడు ఫిలిం ఒక రీలు ధర రెండు వేల రూపాయల పైమాటే. క్లిక్‌మన్న ప్రతిసారీ యాభై అయిదు రూపాయలకు పైగా ఖర్చవుతున్నట్టు లెక్క. కడిగించడానికి, కొరియర్‌కి అదనం. అంత పెట్టి తీసేవాడు ఎదుటి దృశ్యాన్ని ఒకటికి రెండుసార్లు చూడక చస్తాడా? తీయడానికి ముందే చూడటం... ఫోన్ మనకి మరిపించింది అదే అంటారు వీళ్లు.

మన దేశపు రంగుల్ని ఇలా చూసినవారిలో రఘుబీర్ సింగ్‌ది ప్రత్యేక స్థానం. 1942లో జైపూర్‌లో పుట్టారు. కళాత్మక ఫొటో అంటే నలుపు తెలుపే అని ప్రపంచం నమ్ముతున్న రోజుల్లోనే ఆయన రంగు స్లైడు ఫిలింతో గంగ ఒడ్డునా, రాజస్థాన్ పల్లెల్లో, కలకత్తా వీధుల్లో తిరిగారు. భారతీయుడి చూపే రంగుల చూపు, దాన్ని నలుపు తెలుపుల్లో చెప్పలేం అన్నది ఆయన వాదన. 1999లో మరణించారు. 2017లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన ఫొటోలతో పెద్ద ప్రదర్శనే ఏర్పాటు చేసింది.

ఒకే ఒక్కటి

1968 డిసెంబరు 24. అపోలో 8 వ్యోమనౌక చంద్రుడి చుట్టూ తిరుగుతోంది. కిటికీలోంచి చూస్తున్న బిల్ ఆండర్స్‌కి చంద్రుడి అంచు మీదుగా నీలిరంగు భూమి పైకి లేస్తూ కనిపించింది. చేతిలో ఉన్న కెమెరాలో నలుపు తెలుపు ఫిలిం. ఒకటి తీశాడు. వెంటనే రంగు ఫిలిం అందించమని తోటి వ్యోమగామిని తొందరపెట్టాడు. ఫిలిం మార్చి మళ్లీ క్లిక్‌మనిపించాడు. ‘ఎర్త్‌రైజ్’ పేరుతో ప్రపంచమంతా చూసిన ఫొటో అది. ఆ రంగు ఫిలిం కొడాక్ వాళ్ల ఎక్టాక్రోమ్... స్లైడు ఫిలిమే!

డిజిటల్ ఫొటో అయితే అంకెలుగా మారి అక్కడి నుంచే కిందికి వచ్చేసేది. ఇది అలా కాదు. వ్యోమగాములతోపాటు ఫిలిం కూడా క్షేమంగా భూమికి చేరాలి, ల్యాబ్‌లో కడగాలి, అప్పటిదాకా బొమ్మ ఉందో లేదో ఎవరికీ తెలియదు. చంద్రుడి దగ్గర ఆ వెలుతురు తాకిన ఫిలిమే ఆ తర్వాత మనిషి చేతికి వచ్చింది. స్లైడు ప్రేమికుల్ని కదిలించే సంగతి ఇదే. అక్కడ తీసిన బొమ్మ కాదిది, అక్కడ ఉండి వచ్చిన బొమ్మ. తాజ్‌మహల్ ముందు నిలబడ్డ తాతయ్య స్లైడూ అంతే. ఆ రోజు తాతయ్య మీద పడ్డ ఎండ ఆ ముక్కనే తాకింది.

మరి ఆ ముక్క పోతే? పోయినట్టే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ హెలెన్ లెవిట్ ఇందుకు సాక్ష్యం. 1959, 60ల్లో వచ్చిన గుగెన్‌హైమ్ ఫెలోషిప్‌లతో ఆమె న్యూయార్క్ వీధుల్ని రంగుల్లో తీసింది. 1970లో ఆమె ఇంట్లో దొంగలు పడ్డారు. పోయినవాటిలో ఆ స్లైడ్లు కూడా ఉన్నాయి. నెగెటివ్‌లు వేరే ఉంటే మళ్లీ ప్రింటు వేసుకోవచ్చు. స్లైడుకి వేరే మాతృక ఏముంది... తనే మాతృక! లెవిట్ దిగులుపడి కూర్చోలేదు. మళ్లీ కెమెరా పట్టుకుని అవే వీధుల్లోకి వెళ్లింది. 1974లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడ్రన్ ఆర్ట్ ఆమె స్లైడ్లు నలభైని గోడమీద ప్రదర్శించింది. ప్రింట్లు వేలాడదీయలేదు. ప్రొజెక్టర్ పెట్టి ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి చూపించింది.

జాగ్రత్తపడితే మాత్రం స్లైడు తరాలు దాటుతుంది. 1939-44 మధ్య అమెరికా ప్రభుత్వ ఫొటోగ్రాఫర్లు పల్లెల్నీ ఫ్యాక్టరీలనూ తీసిన దాదాపు 1,600 రంగు ఫొటోలు అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. దశాబ్దాలపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. డెబ్భైల్లో బయటికి తీసి చూస్తే ఆ కాలమంతా నలుపు తెలుపనుకున్నవాళ్లు తెల్లబోయారు. నిన్ననే తీసినట్టున్నాయి రంగులు!

నలుగురూ చేరితేనే...

ఇంత చిన్న బొమ్మను పదిమందితో పంచుకోవడం ఎలా? ఈ ప్రశ్న స్లైడు కన్నా పాతది.

1907లో ఫ్రాన్స్‌కి చెందిన లూమియేర్ సోదరులు ఆటోక్రోమ్ అనే రంగు ఫొటోల పద్ధతిని మార్కెట్లోకి తెచ్చారు. అందులో రంగుల రహస్యం... బంగాళదుంప పిండి! సన్నటి రేణువులకి మూడు రంగులు అద్ది గాజు పలకమీద పరిచేవారు. అదీ వెలుతురు దూరితేనే కనిపించే బొమ్మ. ఆల్బర్ట్ కాన్ అనే ఫ్రెంచి బ్యాంకరు ఫొటోగ్రాఫర్లను దేశదేశాలకూ పంపి 72 వేల ఆటోక్రోమ్‌లు తీయించాడు. మన దేశానికీ పంపాడు. పారిస్ పక్కనే ఉన్న తన ఇంటికి అతిథుల్ని పిలిచి వాటిని తెరమీద చూపించేవాడు. ఆ ఇంటికి వెళ్లి ఆటోక్రోమ్‌కి నిలబడినవారిలో మన రవీంద్రనాథ్ టాగూర్ కూడా ఉన్నారు.

సామాన్యుల ఇళ్లలోకి ఈ ముచ్చట వచ్చింది అరవైల్లో. 1961లో కొడాక్ ‘క్యారసెల్’ ప్రొజెక్టర్‌ను తెచ్చింది. రంగులరాట్నంలా గుండ్రంగా తిరిగే పళ్లెంలో ఎనభై స్లైడ్లు పట్టేవి. బటన్ నొక్కితే ‘టక్’మని ఒకటి కిందికి దిగేది, మళ్లీ నొక్కితే మరొకటి. స్లైడును తలకిందులుగా పెడితేనే తెరమీద తిన్నగా కనిపిస్తుంది. ఆ లెక్క మర్చిపోతే బావగారు తలకిందులుగా వేలాడేవారు, ఇల్లంతా నవ్వులు! 1965లో అమెరికా వలస చట్టం మారాక అక్కడికి వెళ్లిన మన డాక్టర్లూ ఇంజినీర్లలో కొందరు సెలవులకి వస్తూ ఇలాంటి పెట్టెలే తెచ్చేవారు. పెరటి గోడమీద తెల్ల పంచె కట్టి నయాగరాను చూపిస్తే చుట్టుపక్కల పిల్లలంతా వచ్చి కూర్చునేవారు.

ఫొటోగ్రఫీ క్లబ్బుల్లో ఇది మరో రకంగా సాగేది. పోటీలకి స్లైడ్లను పోస్టులో పంపేవారు. జడ్జీలు తెరమీద చూసి మార్కులు వేసేవారు. కొన్ని దేశాల్లో సభ్యులంతా కలిసి ఒక పెట్టెను ఊరూరా తిప్పేవారు. పెట్టె వచ్చిన సభ్యుడు అందరి బొమ్మలూ చూసి అభిప్రాయాలు రాసి, తన కొత్త బొమ్మ పెట్టి, తర్వాతివారికి పంపేవాడు. విమానాలు, రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లదైతే ఇంకో దారి. వాళ్లకి నకలు పనికిరాదు, అసలు స్లైడే కావాలి. అందుకని ఒకే విమానాన్ని అదే చోట నిలబడి నాలుగైదుసార్లు తీసేవారు. ఒకటి తనకి, మిగతావి మారకానికి. నీ దేశపు ఇంజిన్ నాకు పంపు, నా దేశపు ఇంజిన్ నీకు పంపుతా అంటూ ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య ఏళ్ల తరబడి స్నేహాలు నడిచాయి.

ఇప్పుడు? క్యారసెల్ తయారీని కొడాక్ 2004లోనే ఆపేసింది. పాతవాటినే బాగుచేయించుకుని వాడుతున్నారు. స్లైడును స్కాన్ చేసో, డిజిటల్ కెమెరాతో దాని ఫొటో తీసో దూరాన ఉన్నవాళ్లకి పంపుతున్నారు. కానీ అది పెళ్లికి వెళ్లలేనివారికి వీడియో పంపినట్టే. అసలు భోజనం ప్రొజెక్టర్ ముందే. అక్కడ ఎవరి వేలు వాళ్ల ఫోన్‌మీద ఉండదు. అందరూ ఒకే బొమ్మను, ఒకే సమయంలో, ఒకే చీకట్లో చూస్తారు. చూపించేవాడు కథ చెబుతాడు. వినేవాళ్లు మధ్యలో అడ్డొస్తారు.

పార్సన్స్‌లో ఆఖరి రీలు

స్లైడు ఫిలింలో రాజు కొడాక్రోమ్. 1935లో సినిమా ఫిలింగా, మరుసటి ఏడు మామూలు కెమెరా ఫిలింగా వచ్చింది. కనిపెట్టినవాళ్లు శాస్త్రవేత్తలు కాదు, సంగీతకారులు! లియోపోల్డ్ మానెస్ పియానో వాయించేవాడు, లియోపోల్డ్ గొడౌస్కీ వయొలిన్. చీకటి గదిలో గడియారం కనిపించదు కాబట్టి బ్రామ్స్ సింఫనీని ఈలవేస్తూ ఆ తాళంతోనే నిమిషాలు లెక్కపెట్టేవారట. స్టీవ్ మెక్‌కర్రీ 1984లో తీసిన, 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ బాలిక ఫొటో ఈ ఫిలింమీద తీసిందే.

అయితే కొడాక్రోమ్‌కి ఒక చిక్కు ఉంది. మిగతా స్లైడు ఫిలింలలో రంగు పుట్టించే పదార్థాలు ఫిలింలోనే ఉంటాయి. ఇందులో వాటిని కడిగేటప్పుడు ఒక్కో పొరకీ విడివిడిగా చేర్చాలి. పెద్ద యంత్రం, నిపుణులు ఉంటేగానీ కుదరదు. గిరాకీ తగ్గేకొద్దీ ల్యాబ్‌లు మూతపడ్డాయి. 2009లో కొడాక్ ఈ ఫిలిం తయారీ ఆపేసింది. అప్పటికి ప్రపంచం మొత్తానికి మిగిలిన ల్యాబ్ ఒకే ఒక్కటి... అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊళ్లోని డ్వేన్స్ ఫొటో.

తయారైన చివరి రీలును కొడాక్ మెక్‌కర్రీకి ఇచ్చింది. ముప్ఫై ఆరు బొమ్మలు. న్యూయార్క్‌లో నటుడు రాబర్ట్ డి నీరోను, ముంబయిలో అమితాబ్ బచ్చన్‌ను, రాజస్థాన్‌లో రబారీ సంచార జాతివారిని తీశాడాయన. ఆఖరిది పార్సన్స్‌లోని శ్మశానంలో. ఆ ల్యాబ్ కూడా 2010 డిసెంబరు 30తో రీళ్లు తీసుకోవడం మానేసింది. గడువు దగ్గరపడేకొద్దీ ప్రపంచం నలుమూలల నుంచీ పార్సిళ్లు వచ్చిపడ్డాయి. ఒక రైల్వే ఉద్యోగి ఏకంగా 1,580 రీళ్లు కడిగించుకున్నాడు. అన్నీ రైళ్ల బొమ్మలే! ఆ గడువు దాటాక ఎవరి బీరువాలోనైనా కడిగించని కొడాక్రోమ్ రీలు ఉంటే... అందులోని రంగులు ఇక ఏ ల్యాబ్‌కి పంపినా రావడం కష్టమే. మామూలుగా నలుపు తెలుపు బొమ్మగానే తీయగలరు.

పోయి, మళ్లీ వచ్చి...

2012లో ఎక్టాక్రోమ్‌ను కూడా కొడాక్ ఆపేసింది. స్లైడు కథ ముగిసిందనుకున్నారు. అయిదేళ్లు తిరక్కుండానే, 2017 జనవరిలో, మళ్లీ తెస్తామని ప్రకటించింది. 2018లో తెచ్చింది. కుర్రకారు పాత కెమెరాలు వెతికి మరీ కొంటుండటమే ఇందుకు కారణం. జపాన్ కంపెనీ ఫ్యూజీదీ ఇలాంటి కథే. కోనసీమ చేలలాంటి పచ్చదనాన్ని రెట్టింపు చేసి చూపించే వెల్వియా ఫిలింను 1990లో తెచ్చింది. ముడి పదార్థాలు దొరక్క 2005లో ఆపేసి, అభిమానులు పట్టుబట్టడంతో 2007లో కొత్తగా తయారుచేసింది.

అయినా ఈ లోకం బలం ఎంతని? ఫిలిం తయారుచేసే పెద్ద కంపెనీలు రెండే. ఒక్క రసాయనం దొరక్కపోయినా, ఒక్క నిబంధన మారినా బండి ఆగిపోతుంది. 2021లో అమెరికా పర్యావరణ సంస్థ ఒక రసాయనాన్ని నిషేధించేసరికి, అది లేశమాత్రంగా ఉన్న వెల్వియా 100 ఫిలిం అమ్మకం అక్కడ నిలిచిపోయింది. మన దేశంలో ఇ-6 పద్ధతిలో కడిగే ల్యాబ్‌లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. రీళ్లు తక్కువ వస్తే ల్యాబ్‌లో రసాయనాలు పాడవుతాయి. రసాయనాలు పాడైతే ల్యాబ్ మూతపడుతుంది. ల్యాబ్ మూతపడితే రీళ్లు అసలే రావు. ఆ చక్రం తిరగకుండా ఆపుతున్నది రీలుకి రెండు వేలు పోసి కొంటున్న ఈ కొద్దిమందే. వాళ్లది సరదానే కావచ్చు. కానీ ఆ సరదా లేకపోతే ఓ విద్యే అంతరించిపోతుంది.

అటక మీద పెట్టె ఉందా?

మీ ఇంట్లోనూ తాతల నాటి స్లైడ్ల పెట్టె ఉండొచ్చు. నల్లటి ముక్కల్లా ఉన్నాయని పారేయకండి. వెలుతురుకి ఎత్తి చూడండి.

* స్లైడును చట్రం అంచులతోనే పట్టుకోవాలి. బొమ్మమీద వేలు పెట్టకూడదు. తడిగుడ్డతో తుడవకూడదు. దుమ్ముంటే గాలి ఊదే రబ్బరు బ్లోయరుతో పోగొట్టాలి.

* శత్రువులు మూడు... వేడి, తేమ, వెలుతురు. కోస్తా జిల్లాల్లో అయితే బూజు ప్రమాదం ఎక్కువ. గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతోపాటు ఉంచి, చల్లటి చోట పెట్టాలి. అటక అస్సలు పనికిరాదు. వేసవిలో అక్కడ ఉడికిపోతాయి.

* పాత ఎక్టాక్రోమ్ స్లైడ్లు కొన్ని ఎర్రబారిపోయి ఉంటాయి. కంగారుపడక్కర్లేదు. స్కాన్ చేశాక కంప్యూటర్లో చాలావరకు సరిచేయొచ్చు. కొడాక్రోమ్ అయితే చీకట్లో ఉంచినంతకాలం రంగు చెదరదు. ప్రొజెక్టర్ దీపానికి మాత్రం త్వరగా వెలిసిపోతుంది. ఒక్కో బొమ్మను నిమిషాల తరబడి తెరమీద ఉంచొద్దు.

* స్కానర్ లేకపోతే ఫోన్‌తోనైనా నకలు తీసుకోవచ్చు. తెల్లటి వెలుతురు పలక మీద స్లైడుంచి, గదిలో దీపాలార్పి పైనుంచి తీయాలి. అసలు స్లైడును మాత్రం పారేయొద్దు.

* చట్రం మీద రాత ఉందేమో చూడండి. చాలావాటిమీద కడిగిన నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. బొమ్మ ఎప్పటిదో తేలిపోతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పని ఒకటుంది. అరవై ఏళ్లయినా చీర రంగు చెదరకుండా దాచగలిగిన స్లైడు, ఆ చీర కట్టుకున్నావిడ పేరు మాత్రం దాచలేదు. అది ఇంట్లో అమ్మమ్మకో, నాన్నమ్మకో, పెదనాన్నకో తెలిసి ఉంటుంది. ఈ ఆదివారం వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చూపించండి. చెప్పిన పేరును చెప్పినట్టు చట్రం మీద పెన్సిల్‌తో రాసుకోండి. ఫిలిం ఎన్నాళ్లు తయారవుతుందన్నది కంపెనీల చేతిలో ఉంది. పేర్లు రాసుకోవడం మన చేతిలోనే ఉంది.